అరవై మూడో సీసా

అరవై మూడో సీసా పోయింది గురువారం నాడు.

బడి నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా నేరుగా వెనక షెడ్డులోకి వెళ్ళాను. గోడబీరువా మూడో అరలో సీసాలు నంబర్ల వరసన నిలబడి ఉన్నాయి. వరస అరవై రెండు దగ్గర ఆగిపోయింది. దాని పక్కన, సీసా అడుగంత మేర, గుండ్రంగా దుమ్ములేని చోటు మిగిలింది.

"ఇక్కడి సీసా ఎవరు తీశారు?" అన్నాను.

"నేను తియ్యలేదు వదినా" అన్నాడు మరిది నా వెనకనుంచి.

అతను ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో తెలియదు. ఏ సీసా అని మాత్రం అడగలేదు.

ప్రతి బ్యాచ్ లోంచీ ఒక చెంచాడు పొడి తీసి, చిన్న గాజు సీసాలో పోసి, నంబరు అంటించి దాచడం ఆయన పెట్టిన పద్ధతి. ఆరేళ్ళలో ఒక్క సీసా పగల్లేదు, ఒక్కటి అటూ ఇటూ జరగలేదు. ఆయన పోయిన ఇరవై ఆరో రోజున ఒకటి కనిపించడంలేదు. అది ఆయన చివరి బ్యాచ్‌ది.

"నువ్వూ దానికోసమే వచ్చావా?"

"ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చినవాడివి ఏ సీసా అని అడగవేం?"

మరిది బీరువా తలుపు మూశాడు. మూసిన తలుపు మీద చెయ్యి అలాగే ఉంచాడు.

తోడికోడలు వంటింటి గుమ్మంలోంచే అందుకుంది. "ఏమిటక్కా, బడిలో సుద్దముక్క పోయినట్టు అందరినీ నిలబెట్టి అడుగుతున్నారు? సీసాకి కాళ్ళొచ్చి నడిచిపోయిందేమో. ఆ షెడ్డు గుమ్మం దాటాలంటేనే నాకు గుండె జారిపోతోంది, ఇంక సీసాలు నేనెందుకు తీస్తాను?"

"నిన్ననలేదమ్మా."

"పేరు పెట్టి అనలేదు, అంతే."

నేను సంచి దించాను. దించి, మధ్యాహ్నం బడికి వచ్చిన ఫోను సంగతి ఇద్దరికీ చెప్పాను.

మా పొడి కొనేది ఒక్క మందుల కంపెనీయే. ఫోను చేసినతను అక్కడ కొత్తగా చేరిన కొనుగోలు ఆఫీసరు. మా అరవై మూడో డబ్బాను రేపు పొద్దున ఆరింటికి తెరిచి పిల్లల మందులో కలుపుతారట. డబ్బాతోపాటు దాని సీసా కూడా ఒకటి తమ దగ్గర ఉండాలని కొత్త నియమం పెట్టారట.

"సీసా లేకపోతే కలపరా?" అన్నాడు మరిది. మాట తొందరగా వచ్చింది.

"కలుపుతారు. సీసా వారంలోగా పంపినా చాలన్నాడు. కాగితాల కోసమేనట. ఇన్నేళ్ళుగా డబ్బా మీద మీవారు సంతకం చేసిన కార్డు ఉంటే మా ల్యాబుకి పనుండదు మేడమ్, ఆ సంతకం చాలు మాకు, అన్నాడు."

మరిది ఊపిరి వదలడం వినిపించింది.

"అయితే ఇప్పుడంత తొందరేముంది వదినా? రేపు వెతుకుదాం."

"సీసా తీసినవాళ్ళు ఇంట్లోనే ఉండగా రేపటిదాకా ఎందుకు?"

లోపలి గదిలోంచి మంచం కిర్రుమంది. అత్తయ్య గొంతు సవరించుకుంది.

"ఏమిటా గోల? అది నా దగ్గరుంది."

*

అత్తయ్య మంచానికి అడ్డంగా గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ఎదురుగా గోడమీద ఆయన ఫొటో. అందులో ఆయన కొంచెం విసుగ్గా ఉంటారు. ఫొటోలు దిగడం ఆయనకిష్టం ఉండదు.

దిండు కిందనుంచి సీసా తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇవ్వలేదు.

"వాడి చెయ్యి పడ్డ ఆఖరి పొడి ఇది. నా దగ్గరుంటే తప్పేముంది?"

"తప్పేం లేదత్తయ్యా. ఒకసారి చూసి ఇస్తాను."

"చూడ్డానికేముంది, పొడేగా. తెల్లగా, పూవులా ఉంది. ఎప్పుడూ ఆరు కిలోలు వచ్చేది. ఈసారి పది వచ్చింది. చిన్నాడే తూచాడు. వెళ్తూ వెళ్తూ ఇంటికి చేతినిండా ఇచ్చి వెళ్ళాడమ్మా నా బిడ్డ."

ఈ మాట నేను కొత్తగా వినలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెబుతూనే ఉంది. విన్న ప్రతిసారీ తల వంచుకుని కూర్చున్నాను. ఏడుపు ఆపుకోవడంలో అంకెలు చెవిన పడలేదు.

ఇవాళ పడ్డాయి. పదకొండేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని. ఆరు ఉన్నట్టుండి పది కావడానికి కారణం ఉండాలి.

పొడిని కాల్చే కరెంటు ఫర్నేసులోకి ఎప్పుడూ పది కిలోలే వెళ్ళేది. బయటికి ఆరు వచ్చేది. మిగిలిన నాలుగూ పొగై పోవాలి. పోవాలనే కాల్చేది.

ఈసారి పది వెళ్ళి పది వచ్చాయి.

"ఇవ్వండత్తయ్యా" అన్నాను. చెయ్యి ముందుకి చాపాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి సీసా అందించింది. "మళ్ళీ నా చేతికే ఇవ్వాలి" అంది.

*

షెడ్డు వేసిన కొత్తలో ఒకరోజు ఆయన వంటింటి గట్టు మీద కూర్చుని నాకు ఈ పొడి కథ చెప్పారు.

వెచ్చటి నీళ్ళలో సబ్బులాంటి మందు ఒకటి కలుపుతారు. కంటికి కనబడనంత సన్నటి కడ్డీల్లా అది నీళ్ళలో గుంపులు కడుతుంది. కొంచెం అమోనియా పోసి, సిలికా ద్రవాన్ని చుక్కచుక్కగా వదులుతారు. కాసేపటికి తేటనీళ్ళు పాలలా తెల్లబడతాయి. సిలికా ఆ కడ్డీల చుట్టూ గట్టిపడిందన్నమాట. వడకట్టి, కడిగి, ఆరబెట్టి, ఫర్నేసులో పెడితే కడ్డీలు కాలిపోతాయి. అవి ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది.

"స్లాబు పోశాక సెంట్రింగు కర్రలు తీసేస్తాం కదా, అలాగ" అన్నారు. "తీస్తేనే అది గది. ఆ గదుల్లో చేదుమందు దాక్కుంటుంది. పిల్లల నాలుకకి తెలియదు."

"తియ్యకపోతే?"

"మందు లోపలికి పోదు. ఆ సబ్బులాంటిది మెల్లగా బయటికొస్తుంది. అది మనం ఒళ్ళు రుద్దుకునే సబ్బు కాదు. పిల్లల పేగు పొరని ఒలిచేస్తుంది."

కాల్చకముందూ పొడి తెలుపే, కాల్చాకా తెలుపే. కంటికి తేడా దొరకదు. అందుకని ఫర్నేసు దించిన సాయంత్రం ఒక చిటికెడు పొడి తెచ్చి, వంటింటి కుళాయి దగ్గర మూత ఉన్న గాజుగ్లాసులో నీళ్ళతో కలిపి పదిసార్లు కుదిపేవారు. నేను బల్ల దగ్గర పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ ఉండేదాన్ని.

"లెక్కపెట్టు" అనేవారు.

తల ఎత్తకుండానే లెక్కపెట్టేదాన్ని. పది చెప్పేలోగా నురుగు పోవాలి. పోతే గ్లాసు కడిగి బోర్లించేవారు. పోకపోతే షెడ్డులోకి వెళ్ళి ఏదో చించిన చప్పుడు వినబడేది. ఆరేళ్ళలో అలా రెండుసార్లు జరిగింది.

అరవై రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై మూడోదానికి నన్నెవరూ లెక్కపెట్టమనలేదు.

*

బీరువాలోంచి అరవై రెండో సీసా కూడా తెచ్చి, రెండిటినీ కుళాయి గట్టు మీద పెట్టాను. మరిది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. తోడికోడలు పొయ్యి ఆపింది.

ముందు అరవై రెండు. చిటికెడు పొడి, సగం గ్లాసు నీళ్ళు, మూత. పదిసార్లు కుదిపి గట్టు మీద పెట్టాను.

"ఒకటి" అన్నాను.

ఆరు దగ్గరే నురుగు పోయింది. తెల్లటి నీళ్ళు, అంతే.

రెండో గ్లాసు. అరవై మూడు. కుదుపుతుంటేనే చేతికి తేడా తెలిసింది. గ్లాసులో చప్పుడు మెత్తగా ఉంది.

పది అయింది. నురుగు మూతదాకా ఉంది.

ఇరవై. ముప్ఫై. నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో చెప్పలేను. ఆపితే ఏదో ఒకటి మాట్లాడాలి. వంద వరకూ లెక్కపెట్టాను. నురుగు మీద చిన్నచిన్న బుడగలు కలిసి పెద్దవవుతున్నాయి. ఒక్కటీ పగలలేదు.

"సరిగ్గా కడగని గ్లాసేమో అక్కా" అంది తోడికోడలు. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"పొద్దున నువ్వే కడిగావు."

ఆ అమ్మాయి గ్లాసు దగ్గరికి వంగి చూసింది.

నేను మరిది వైపు తిరిగాను. "ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పు."

"ఏ రోజు?"

"నీకు తెలుసు."

ఆ కథ అతను ఇరవై ఆరు రోజులుగా చెబుతున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. మాటలు కూడా మారవు. ఇప్పుడూ మారలేదు.

"పదీనలభైకి షెడ్డులో ఏదో పడ్డట్టు చప్పుడైంది. పరిగెత్తాను. అన్నయ్య ఫర్నేసు పక్కన పడి ఉన్నాడు. కరెంటు షాకనుకుని ముందు మెయిన్ ఆపేశాను. తర్వాత చెయ్యి పట్టుకుని..."

"చాలు. మెయిన్ మళ్ళీ ఎప్పుడు వేశావు?"

"సాయంత్రం. ఇంట్లోకి లైట్లు కావాలని."

"ఫర్నేసు?"

"దాన్ని నేను ముట్టుకోలేదు. అది అన్నయ్య పని."

"ఫర్నేసు ఆయన ఎనిమిదింటికి వేశారు. నేను బడికి బయల్దేరుతుంటే వేశారు. నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున ఎక్కుతుంది. ఎనిమిది నుంచి పదీనలభైకి ఎన్ని నిమిషాలు?"

"వదినా, నేను నీ క్లాసులో పిల్లాణ్ణి కాదు."

"నూట అరవై. మొదట ఉన్న గది వేడి ముప్ఫై కలుపుకుంటే నూటతొంభై డిగ్రీలు. అక్కడ ఆగిపోయింది. కరెంటు వచ్చినా దానంతటది మళ్ళీ మొదలవదు. ఐదువందల యాభైకి వెళ్ళాలి. వెళ్ళి ఆరు గంటలు నిలవాలి."

"అయింది. అయిందని కార్డు మీద ఉంది!" మరిది గొంతు పెంచాడు. "ఆరో రోజున ఫర్నేసు తెరిచాను. పొడి తెల్లగా ఉంది. కొక్కేనికి కార్డు వేలాడుతోంది. ఐదువందల యాభై, ఆరు గంటలు, కింద అన్నయ్య సంతకం. అన్నయ్య రాసింది అబద్ధమవుతుందని నేనెలా అనుకోను? పోసి, తూచి, సీసాలోకి చెంచాడు తీసి, మూత బిగించి పంపించాను. నువ్వయితే ఏం చేసేదానివి?"

నేను కుళాయి గట్టు పట్టుకున్నాను.

"కార్డు ఆయన ముందే రాస్తారు" అన్నాను.

"ఏమిటి?"

"పొడి ఫర్నేసులో పెట్టకముందే. దించాక చేతులనిండా పొడి ఉంటుంది, కార్డు మరకలవుతుంది అనేవారు. అందుకని పొద్దున్నే అంతా రాసి, సంతకం పెట్టి తగిలించేవారు. మర్నాడు సాయంత్రం నురుగు చూసేవారు. నురుగు వస్తే కార్డు చించేసేవారు. రాకపోతేనే అది నిజమైనట్టు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

అతను నన్ను చాలాసేపు చూశాడు. చిన్నప్పటినుంచీ అన్న వెనకే తిరిగినవాడు. కడగడం, వడకట్టడం అతని పని. ఫర్నేసు, కార్డు అన్నగారివి. ఆ గీత ఇద్దరూ ఎన్నడూ దాటలేదు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ఆయనకి. నాకు."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆరో రోజున డబ్బా బండెక్కిస్తుంటే నువ్వు అక్కడే కిటికీ దగ్గర కూర్చుని ఉన్నావు. చూస్తూనే ఉన్నావు. ఒక్క మాట చెప్పకపోయావా వదినా?"

 చూస్తూనే ఉన్నాను. డబ్బా మీద అతికించిన కార్డులో ఆయన చేతిరాత చూసి, అది వెళ్ళిపోతోందే అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

అతనే మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా. "తూచినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. పది చూపించింది ముల్లు. రెండుసార్లు తూచాను. అమ్మ పక్కనే ఉంది. పది అనగానే నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. ఆరు రోజుల్లో అదే మొదటిసారి. ఆ నవ్వు చెరపలేకపోయాను."

*

అత్తయ్య గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. గ్లాసులో నురుగు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"ఇప్పుడేం చేస్తావు?" అంది నాతో.

"ఫోను చేసి ఆపమంటానత్తయ్యా."

"ఏమని చెబుతావు?"

"జరిగింది చెబుతాను. పొడి కాలలేదని."

"కార్డు మీద కాలిందని ఉందిగా? అదేమిటని అడగరూ?"

"అడుగుతారు."

"అప్పుడు, మా ఆయన పని కాకముందే సంతకాలు పెట్టేవాడండీ, అంటావు. అంతేనా? ఇంతకుముందువి అరవై రెండూ అలాగే పెట్టాడండీ, అంటావు. నురుగు సంగతి నమ్మేదెవరు? చూసింది పెళ్ళాం ఒక్కతే. వాడు లేడు నోరు విప్పుకోవడానికి. కట్టుకున్నదానివి, నువ్వే వాడి సంతకం అబద్ధమని ఊరంతా చాటిస్తావా?"

"పిల్లలు తాగే మందత్తయ్యా."

"నాకు తెలీదా? నేను కనలేదా పిల్లల్ని?" ఆవిడ గోడమీద అరచేత్తో కొట్టింది. "నిన్ను వద్దని నేనట్లేదు. వాడి పేరు రాకుండా ఏదైనా దారి చూడమంటున్నాను. మిషను పాడైందనో, బస్తాలు మారాయనో."

"అబద్ధం చెబితే డబ్బా ఆపుతారో, ఆ కార్డు చూసి కలిపేస్తారో తెలియదు. నిజం చెబితే ఆగి తీరుతుంది."

"నీకన్నీ లెక్కలే" అంది అత్తయ్య.

తోడికోడలు మధ్యలోకి రాబోయి, నా ముఖం, ఆవిడ ముఖం చూసి, స్టూలు జరిపి అత్తగారిని కూర్చోబెట్టింది. "ముందు కూర్చోండత్తయ్యా. నిలబడి అరిస్తే మీ మోకాళ్ళే నొప్పి పుడతాయి, మాకేం కాదు."

ఇంకోరోజైతే ఎవరో ఒకరం నవ్వేవాళ్ళం.

మరిది తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి అతని తలమీద పడింది. నేను ఫోను తీసుకుని ముందు వరండాలోకి వెళ్ళాను. గడియారంలో ఐదూనలభై.

*

ఆఫీసరు ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే ఆపేసి ఉంది. ఆఫీసు నంబరు చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"ఆఫీసు మూసేశారమ్మా. నేను గేటు దగ్గర వాచ్‌మన్‌ని."

"చాలా అవసరమైన విషయం. ఒక్కమాట రాసుకుంటారా? అరవై మూడో నంబరు డబ్బా తెరవద్దని..."

"డబ్బాల సంగతి నాకేం తెలుస్తుందమ్మా? వచ్చే బండి, పోయే బండి రాసుకుంటాను నేను."

"పొద్దున షిఫ్టు వాళ్ళకి మీరు చెప్పలేరా?"

"నా మాట మీద మిషను ఆపుతారా? ఉన్న ఉద్యోగం కాస్తా ఆగుతుంది. మీరు తొమ్మిదింటికి చెయ్యండి, సార్లు ఉంటారు."

"ఆరింటికే తెరుస్తారు."

"అందుకేనమ్మా చెబుతున్నాను, తొమ్మిదింటికి చెయ్యండి. ఇప్పుడు చేసి ఏం లాభం?"

ఇంకా ఏదో చెప్పబోయాను. అతను అప్పటికే పెట్టేశాడు.

ఫోను చేతిలో పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఎదురింటి గోడమీద ఎండ పైకి జరుగుతోంది. కంపెనీకి ఇక్కడినుంచి మూడుగంటల దారి. నేను వెళ్తే పొద్దున ఆరింటికి గేటు దగ్గర నిలబడగలను. నిలబడి ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. ఆయన పేరు ఎన్నోమాటగా వస్తుందో చూసుకున్నాను. ఎలా తిప్పినా రెండో మాటలోనే వచ్చింది.

వెనకవైపు సందులో మా వ్యాను స్టార్టయిన చప్పుడు వినబడింది. నేను లేచేలోగా అది వీధి మలుపు తిరిగింది.

తోడికోడలు పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖంలో కాస్త వెలుగు ఉంది.

"ఆయనే బయల్దేరారక్కా. తప్పు నా చేత్తో పోసిందే, నేనే వెళ్ళి సర్దుకొస్తాను, వదినని కదలొద్దని చెప్పు, అన్నారు. నేను అత్తయ్యని గదిలోకి చేర్చి వచ్చేసరికి సీసా కూడా చేతిలో ఉంది, పట్టుకెళ్ళారు."

 మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాను. ఇందాక అతన్ని నిలదీసినందుకు సిగ్గేసింది. అన్న పేరు తమ్ముడి నోట వస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను. నా నోట రావడంకంటే మేలేమో అని కూడా అనుకున్నాను.

"నిజంగానే ఆపమని చెప్పడానికే వెళ్ళాడా?"

"మరింకెందుకక్కా? అత్తయ్య కూడా అడ్డు చెప్పలేదు. సరే వెళ్ళిరా అంది."

ఆ మాట దగ్గర నా మనసు కొంచెం ఆగింది. ఆగి, ముందుకు పోలేదు.

*

గ్లాసులు కడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను.

అరవై మూడో గ్లాసులో నురుగు సగం దిగింది. సగం ఇంకా ఉంది. గట్టు మీద ఒక సీసా ఉంది. ఒకటే.

సీసా మీద కాగితం లేదు. ఉన్న చోట జిగురు చారిక మిగిలింది, వేలికి అంటుకుంది. నంబరు కాగితాన్ని నీళ్ళతో తడిపి ఒలిచినట్టుంది. కింద గట్టు మీద చిన్న తడి.

ఏ సీసా అన్నది నాకు అప్పుడే తెలుసు. తెలిసినా చిటికెడు పొడి తీశాను. కడిగిన గ్లాసులో నీళ్ళు పోసి, మూతపెట్టి, పదిసార్లు కుదిపాను.

తోడికోడలు నా పక్కకొచ్చి నిలబడింది. ఈసారి ఆ అమ్మాయే లెక్కపెట్టింది. పది దగ్గర ఆగింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, మరి ఆయన పట్టుకెళ్ళింది?"

"అరవై రెండు" అన్నాను. "దానిమీద అరవై మూడు కాగితం అంటించుకుని వెళ్ళాడు. వాళ్ళు కుదిపి చూసినా నురుగు నిలవదు."

మరిదికి ఫోను చేశాను. మోగింది. ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

లోపలి గదిలో అత్తయ్య ఎప్పటిలాగే గోడకు చేరగిలబడి ఉంది. నేను గుమ్మంలో నిలబడితే తల తిప్పకుండానే మాట్లాడింది.

"వాడు వెళ్ళాడుగా. ఇంక నువ్వు నిమ్మళంగా ఉండు."

"వాడు ఎందుకు వెళ్ళాడత్తయ్యా?"

 ఆవిడ ఫొటో వైపు చూస్తూ చెయ్యి మాత్రం చాపింది.

"మళ్ళీ నా చేతికే ఇస్తానన్నావు. ఇయ్యి, ఆ సీసా."

నేను సీసాని పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. ఇవ్వలేదు. ఆవిడ చెయ్యి చాపినది చాపినట్టే ఉంది. 

వంటింట్లో గడియారం ఆరు కొట్టింది. ఇంక సరిగ్గా పన్నెండు గంటల తర్వాత అక్కడ డబ్బా మూత తీస్తారు. తీయవద్దన్న మాట, వినవలసినవాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదు.